గోడకు ఈ పక్క మనిషి

(విజయవాడలో ఒక ఆదివారం పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించండి బాబూ, నాకంటే ముందు మాట్లాడిన ఆయన ఆరడుగుల మనిషి. ఆ, చాలు.

నన్ను పరిచయం చేస్తూ విమర్శకురాలన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను అద్దె పుస్తకాల షాపులో పెరిగిన పాఠకురాలిని. గాంధీనగరంలో మా నాన్నగారికి ఆ షాపు ఉండేది. బడి నుంచి రాగానే కొత్త నవలలకు ఖాకీ అట్టలు వేసి, వెన్ను మీద నంబర్లు రాయడం నా పని. సెలవుల్లో మధ్యాహ్నం పూట బల్ల దగ్గర నన్నే కూర్చోబెట్టేవారు. రెండు నుంచి నాలుగు వరకు ఆడవాళ్ల వేళ. ఇంటాయన ఆఫీసులో, అత్తగారు కునుకులో ఉండే సమయం. కూరగాయల సంచిలోంచి పాత నవల తీసి, కొత్తది అందులో పెట్టి, పైన కొత్తిమీర కట్ట సర్దుకుని వెళ్లేవారు. వాళ్లలో ఒకావిడ పుస్తకం తీసుకునే ముందు తప్పకుండా అడిగేది: “చివరికి ఆ పిల్ల బతుకుతుందా?” బతకదంటే తీసుకునేది కాదు. బతుకుతుందంటే మధ్యలో కథ ఎంత ఘోరంగా ఉన్నా ఆవిడకు ఫరవాలేదు. ముందే తెలిసిపోతే ఆసక్తి పోతుంది కదండీ అంటే, “ఆసక్తితో నాకేం పనమ్మా, రాత్రికి నిద్ర పట్టాలి” అనేది.

ఈమధ్య ఆవిడ తరచుగా గుర్తొస్తోంది. ఉద్యోగ విరమణ తర్వాత ఈ నాలుగేళ్లలో నేను చదివినవి చాలావరకు ఒకే జాతి పుస్తకాలు. ఇంగ్లీషులో డొమెస్టిక్ థ్రిల్లర్ అంటున్నారు. వీటిలో హంతకుడు చీకటి సందులో పొంచి ఉండడు. అదే ఇంట్లో, అదే మంచం మీద, పక్కన పడుకుని ఉంటాడు. లేదా పడుకుని ఉంటుంది. నేను వీటికి ఇంటిగుట్టు నవలలని పేరు పెట్టుకున్నాను. మా అబ్బాయి ఫోనులో చదువుకోమంటాడు. నాకు కాగితం వాసన లేకపోతే అక్షరం తలకెక్కదు. అందుకని లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వాళ్ల దగ్గర దొరికినవి దొరికినట్టు తెచ్చుకుంటాను. కాబట్టి నా అభిప్రాయాలకు ఒక వరుస లేదు. ఆ వారం గుట్టలో పైన ఏది ఉంటే అదే.

ఆవకాయకు ఉన్నట్టే వీటికీ కొలతలున్నాయి. కొత్తగా కొన్న పెద్ద ఇల్లు, చూసేవాళ్లు కుళ్లుకునే జంట, తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేని ఆడమనిషి, ఆమె మింగే మాత్రలో, తాగే వైనో, ఎక్కడో దాచిన డైరీ. మూడు వంతులు చదివాక ఒక మెలిక, చివర్లో ఇంకొకటి. కొలతలు తెలిసినంత మాత్రాన అందరి ఆవకాయా ఒకేలా కుదరదు. కొన్ని ఏడాది నిలవుంటాయి. కొన్ని ఆషాఢం రాకముందే బూజు పడతాయి.

ఇది కొత్త సరుకు అనుకోకండి. 1938లో ఇంగ్లండులో డాఫ్నీ డు మారియర్ నవల ‘రెబెక్కా’ వచ్చింది. అదే ఏడు పాట్రిక్ హామిల్టన్ నాటకం ‘గ్యాస్ లైట్’ కూడా వచ్చింది. ఆ నాటకంలో భర్త సాయంత్రం బయటికి వెళ్తున్నానని చెప్పి, దొంగచాటుగా పై అంతస్తుకు చేరి, దాచిన నగల కోసం వెతుకుతుంటాడు. పైన దీపం వెలిగిస్తే కింద గదిలో గ్యాసు దీపం మందగిస్తుంది. ఇంట్లో వస్తువులు తానే మాయం చేసి, నువ్వే దాచావు, నీకు మతి చలిస్తోంది అని భార్యను నమ్మిస్తాడు. ఆ నాటకం పేరులోంచే గ్యాస్‌లైటింగ్ అనే మాట పుట్టింది. అమెరికాలో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్లు 2022లో దాన్ని ఆ సంవత్సరపు మాటగా ఎంచుకున్నారు. మనమైతే దీపం మందగిస్తే వోల్టేజీ తక్కువని కరెంటు వాళ్లను తిట్టుకుంటాం, భర్తను అనుమానించం. (నవ్వులు) పేరు లేకపోయినా ఆ పని మాత్రం మనకు బాగా తెలుసు. ‘నువ్వే ఏదో ఊహించుకుంటున్నావు.’ ‘నీకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది.’ ‘అలా నేనెప్పుడన్నాను?’ ఈ మూడు వాక్యాలూ ఎప్పుడూ వినని ఇల్లాలు ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. మగవాళ్లు దించండి, మిమ్మల్ని అడగలేదు.

సరే, పుస్తకాలు. జిలియన్ ఫ్లిన్ ‘గాన్ గర్ల్’తో మొదలుపెడతాను. 2012లో వచ్చింది, 2014లో సినిమా అయింది. ఇన్నేళ్లయ్యాక దాని గుట్టు దాచడంలో అర్థం లేదు కనుక చెప్పేస్తాను, ఇష్టం లేనివాళ్లు చెవులు మూసుకోండి. అయిదో పెళ్లిరోజున భార్య కనిపించకుండా పోతుంది. ఆమె డైరీ చదువుతూ సగం పుస్తకం వరకు ఆమె మీద జాలి పడతాం. సగంలో తెలుస్తుంది, ఆ డైరీ పోలీసుల కోసం తీరిగ్గా కూర్చుని అల్లిందని. మిగతా రచయితలైతే ఈ మెలికను చివరి పేజీ దాకా కొంగున ముడివేసి దాచుకునేవాళ్లు. ఫ్లిన్ నడిమధ్యలో విప్పి పారేసి, ఇప్పుడు వీళ్లిద్దరినీ ఏం చేయాలో చూద్దాం రండి అంటుంది. అందుకే రెండోసారి చదివినా పట్టు సడలదు. మగవాళ్లకు నచ్చేలా ఆడవాళ్లు వేసే వేషం గురించి అందులో ఆ భార్య వెళ్లగక్కే ఒక పేజీన్నర ఉంది. దాన్ని నాలుగుసార్లు చదివాను, నాలుగోసారి పైకి చదివాను. మా ఆయన పేపరు దించి చూశారు.

మా షాపుకు వచ్చిన ఆవిడకు ఈ పుస్తకం ఇచ్చి ఉంటే ఏమయ్యేదా అని ఆలోచించాను. పిల్ల బతుకుతుంది. ఆవిడకు మాత్రం వారం రోజులు నిద్ర ఉండేది కాదు.

ఒక ఫిర్యాదు ఉంది, అది పుస్తకం మీద కాదు, చదివినవాళ్ల మీద. చూశారా, ఆడవాళ్లు తప్పుడు కేసులు ఎలా పెడతారో అని ఈ నవలను ఉదాహరణగా చూపించిన పెద్దమనిషి నాకు ఎదురయ్యాడు. నవలలో పాత్రను సాక్షిగా బోనెక్కిస్తే, రావణుడికి పది తలలు ఉన్నాయి కాబట్టి మీ ఇంటి అల్లుడికీ లెక్కపెట్టుకోండి అనాలి.

పౌలా హాకిన్స్ ‘ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్’, 2015, నాకు వేరే దారిలో దగ్గరైంది. నేను పదకొండేళ్లు ఇక్కడి నుంచి గుంటూరుకు ప్యాసింజర్‌లో ఉద్యోగానికి వెళ్లొచ్చాను. కృష్ణ దాటితే కృష్ణా కెనాల్, ఆ తర్వాత మంగళగిరి, నంబూరు. రైలు ఎప్పుడూ ఇళ్ల వీపులే చూపిస్తుంది. వీధి వైపు రంగులు, ముగ్గు, పేరు చెక్కిన రాయి ఉంటాయి. పట్టాల వైపు ఆరేసిన బట్టలు, తోమని అంట్లు, పెరటి గుమ్మంలో మోకాళ్ల మీద గడ్డం ఆన్చుకుని కూర్చున్న మనిషి. మంగళగిరికి ముందు సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా నీలం తలుపున్న ఒక ఇల్లు కనిపించేది. ఒకామె ఆ మెట్ల మీద కూర్చుని కూతురికి జడ వేస్తుండేది. రెండేళ్లు చూశాను. ఒకరోజు నుంచి తలుపు తెరుచుకోలేదు. దండెం మీద ఒక్క రిబ్బను మాత్రం చాలా రోజులు వేలాడింది. ఇల్లు మారి ఉంటారు, అంతే అయి ఉంటుంది. అయినా ఆ సిగ్నల్ దగ్గర నేను అల్లుకున్న కథలకు లెక్క లేదు.

హాకిన్స్ నవలలో రేచెల్ అచ్చంగా ఆ పనే చేస్తుంది. ఉద్యోగం పోయింది, పోయిందని చెప్పుకోలేక రోజూ అదే రైలెక్కుతుంది, తాగుతుంది, కిటికీలోంచి ఒక జంటను చూసి వాళ్లకు పేర్లు పెట్టుకుంటుంది. హత్య ఎవరు చేశారన్నది నాకు పెద్దగా పట్టలేదు, ముగింపు కూడా హడావిడిగా ఉంది. నన్ను కుదిపింది వేరే. తాగిన రాత్రుల్లో తాను ఏం చేసిందో రేచెల్‌కు గుర్తుండదు. విడిపోయిన భర్త చెబుతాడు, నువ్వు ఇలా చేశావు, ఇలా తిట్టావు, ఇది పగలగొట్టావు అని. ఆమె ఏళ్ల తరబడి సిగ్గుతో చచ్చిపోతూ క్షమాపణలు చెప్పుకుంటుంది. చేయని తప్పులకు. ఒక మనిషి గతాన్ని ఇంకో మనిషి రాసిపెట్టడం కంటే పెద్ద దొంగతనం ఏముంటుంది? 2016లో సినిమా తీస్తూ కథను లండన్ నుంచి న్యూయార్కుకు మార్చారు. ఏమీ తేడా రాలేదు. ఇళ్ల వీపులు ఎక్కడైనా అంతే.

అలెక్స్ మైఖేలిడీస్ ‘ద సైలెంట్ పేషెంట్’ 2019లో వచ్చింది. చిత్రకారిణి భర్త ముఖం మీద అయిదుసార్లు కాల్చి, ఆ తర్వాత ఒక్క మాటా మాట్లాడదు. ఆమెతో మాట్లాడించాలని ఒక చికిత్సకుడు వస్తాడు. అందరూ ఆహా అన్నారు. నాకు మోసపోయినట్టు అనిపించింది. రచయిత మన దగ్గర దాచింది రహస్యాన్ని కాదు, తేదీని. ఇంతకు మించి చెప్పను. తక్కెడ పళ్లెం కింద చింతపండు ముద్ద అంటించి తూచే వ్యాపారిని చూశారా, ఆ బాపతు. తూకం సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంటికొచ్చి చూసుకుంటే సరుకు తక్కువ.

అందులో మిగిలింది ఒకటుంది. ఆమె తన బొమ్మకు పెట్టుకున్న పేరు ‘ఆల్సెస్టిస్’. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన కథ. భర్త ప్రాణానికి బదులు తన ప్రాణం ఇస్తుంది ఆల్సెస్టిస్. ఆమెను మృత్యువు నుంచి విడిపించి తెచ్చి భర్త ముందు నిలబెడతారు. ఆమె మాట్లాడదు. నాటకం అలాగే ముగుస్తుంది. మన సావిత్రి యముడితో మాట్లాడి మాట్లాడి భర్తను వెనక్కి తెచ్చుకుంది. ఈమె తానే చచ్చి తిరిగొచ్చి నోరు విప్పలేదు. తన కోసం భార్య చస్తానంటే సరేనన్న మగవాడితో ఇంకేం మాట్లాడుతుంది? ఈ ఒక్క ఆలోచన కోసం ఆ పుస్తకాన్ని క్షమించాను.

ఫ్రీడా మెక్‌ఫాడెన్ ‘ద హౌస్‌మెయిడ్’, 2022. రచయిత్రి వృత్తిరీత్యా డాక్టరు, అది కలం పేరు. ఇది వేయించిన వేరుశనక్కాయల పొట్లం. మొదలుపెడితే ఆపలేం, తెల్లారేసరికి ఒళ్లో పొట్టు తప్ప ఏమీ ఉండదు. ఆ పొట్టులోనూ ఒక గింజ మిగిలింది. పనికి కుదిరిన అమ్మాయికి అటక మీద గది ఇస్తారు. ఆ గది తలుపుకు తాళం బయటి వైపు నుంచి పడుతుంది. అంతే, ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆ రాత్రి చదవడం ఆపి, లేచి, మా ఇంట్లో ఏ తలుపుకు గొళ్లెం ఎటువైపు ఉందో చూసుకున్నాను. సామాన్ల గదికి బయటే ఉంది, అది సహజం. మా అత్తగారు చివరి రోజుల్లో పడుకున్న వెనక గదికి కూడా బయటే ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ ఎప్పుడూ గమనించలేదు.

ఇంకో సంగతి. ఆ నవలలో కథ చెప్పేది ఎక్కువగా పనమ్మాయే. మన నవలల్లో పనమ్మాయి కాఫీ తెస్తుంది, ఏడుస్తుంది, వెళ్లిపోతుంది. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషి నాలుగు నవలలు మోసుకుంటూ తిరుగుతుంది. ఎవరికి ఏ పళ్లెం విసిరి సొట్టపడిందో ఆమెకు తెలిసినంతగా రచయితలకు తెలియదు.

షారీ లపేనా ‘ద కపుల్ నెక్స్ట్ డోర్’ సంగతి సరదాగా ఉంటుంది. 2016 నవల. దంపతులు పసిపాపను ఇంట్లో ఒంటరిగా వదిలి, పాప గదిలో చప్పుళ్లు వినిపించే యంత్రం చేతిలో పెట్టుకుని పక్కింటికి విందుకు వెళ్తారు. తిరిగొచ్చేసరికి పాప లేదు. మా వీధిలో ఈ కథ చెబితే ఏ ఆడమనిషీ ‘పాపను ఎవరెత్తుకెళ్లారు’ అని అడగలేదు. అందరూ ‘ఆరు నెలల పిల్లను వదిలి ఎలా వెళ్లారండీ’ దగ్గరే ఆగిపోయారు. నేను కొన్న ప్రతి ఎవరో దొంగచాటుగా అచ్చేసింది. చివరి ఫారం లేదు. పదహారు పేజీలు! థ్రిల్లర్‌లో! తీసుకెళ్లి షాపతన్ని అడిగితే పుస్తకం అటూ ఇటూ తిప్పి, “చివర్లో ఏముంటుందమ్మా, మొగుడే చేసుంటాడు” అన్నాడు. (నవ్వులు) నాకేం అనిపించిందో నిజం చెబుతాను. ఆ పదహారు పేజీలు లేకుండానే అసలు ముడి విడిపోయింది, నాకు తృప్తిగా ఉంది. తర్వాత పూర్తి ప్రతి సంపాదించి చూస్తే చివర్లో ఇంకో మెలిక. పెళ్లి అయిపోయి విస్తళ్లు ఎత్తేశాక మళ్లీ బాజాలు మోగినట్టుంది. చాలా పుస్తకాలకు చివరి ఫారం పీకేస్తే బాగుపడతాయని అప్పటి నుంచి నా నమ్మకం.

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన పుస్తకం. బి.ఎ. పారిస్ ‘బిహైండ్ క్లోజ్డ్ డోర్స్’, అదీ 2016లోదే. భర్త జాక్ లాయరు. భర్తల చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ల తరఫున వాదిస్తాడు, పేరున్నవాడు. ఇంట్లో భార్యను ఖైదీలా ఉంచుతాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆమె చెల్లెలిని అడ్డం పెట్టుకుని నోరెత్తనివ్వడు. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ముగింపులో ఒక చిన్న రంగు పేరు వస్తుంది, అది మాత్రం అద్భుతం. అయినా పుస్తకం మూశాక నాకు అనుమానం వచ్చింది. జాక్ రాక్షసుడు. పెళ్లయిన వెంటనే తానే తన రాక్షసత్వాన్ని వరుసగా చెప్పుకుంటాడు. అలాంటి మొగుడు మనకు తెలిసిన ఏ ఇంట్లోనూ ఉండడు. కాబట్టి మనకు తెలిసిన ప్రతి మొగుడూ మంచివాడైపోతాడు. భయపడి, ఊపిరి పీల్చుకుని, దీపం ఆర్పి పడుకుంటాం.

తెలుగులో ఇంటి భయాన్ని రాసినవాళ్లు లేకపోలేదు. రంగనాయకమ్మ గారి ‘జానకి విముక్తి’కి మా షాపులో నేను రెండుసార్లు అట్ట మార్చాను, అంతగా తిరిగింది. అందులో అటక లేదు, తుపాకీ లేదు. గుమ్మంలో చెప్పుల చప్పుడు వింటే గుండె జారిపోయే పిల్ల ఉంది. అది థ్రిల్లర్ కాదంటే నేను ఒప్పుకోను.

మా అపార్ట్‌మెంటు సత్యనారాయణపురంలో. మా ఫ్లాటుకూ పక్క ఫ్లాటుకూ ఒకటే గోడ. వాళ్ల కుక్కరు ఎన్ని కూతలు కూసిందో నేను చెప్పగలను. కొన్నేళ్ల క్రితం అక్కడ ఒక జంట అద్దెకు దిగింది. అరుపులు లేవు, కొట్టడాలు లేవు. రాత్రి ఎనిమిదిన్నరకు ఒక మగగొంతు, ఏ మాత్రం పెంచకుండా, పరీక్ష పెట్టే మాస్టారిలా అడుగుతుండేది. కందిపప్పు ఎంత? పోయిన వారం ఎంత? మరి మిగతా ఆరు రూపాయలు? ఆమె గొంతు వినిపించేది కాదు. ఒకసారి లిఫ్టులో ఆ అమ్మాయి పిడికిలి విప్పి, నాలుగు మడతలు పెట్టిన బిల్లు నా ముందు పెట్టింది. చెమటకు అంకెలు అలికినట్టయ్యాయి. “ఆంటీ, ఇది ఆరా, ఎనిమిదా?” అంది. కళ్లజోడు తెచ్చుకోలేదు. “ఎనిమిదేలే అమ్మా” అన్నాను. మూడో అంతస్తు వచ్చింది, దిగిపోయాను. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు టీవీ శబ్దం కాస్త పెంచాను.

ఏడాది తర్వాత వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో తెలియదు.

2005లో వచ్చిన గృహహింస చట్టం శారీరక హింసతో ఆగదు. మాటలతో హింసించడాన్నీ, డబ్బు విషయంలో కట్టడి చేసి హింసించడాన్నీ హింసే అంటుంది. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అందులో నాలుగో సెక్షన్ ఏమంటుందో నేను వాళ్లు వెళ్లిపోయాక చదివాను. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి తెలపవచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదు. ఎవరైనా అంటే గోడకు ఈ పక్క మనిషి కూడా. ఆరుకూ ఎనిమిదికీ తేడా చూడని మనిషి కూడా.

ఆ ఇంగ్లీషు నవలల్లో రచయితలు బోలెడు కష్టపడతారు, ఆమె కేక ఎవరికీ వినిపించకుండా ఉండటానికి. ఊరికి దూరంగా బంగళా, ఎత్తు గోడలు, లాక్కున్న ఫోను. మనకు ఆ కష్టం అక్కర్లేదు. ఇరవై నాలుగు ఫ్లాట్లు, వాచ్‌మన్, పాల ప్యాకెట్ల కుర్రాడు, మెట్ల మీద పూలమ్మే ఆవిడ, అందరికీ అన్నీ వినిపిస్తాయి. అడిగితే ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అంటాం. ఆ సామెత చెప్పేవాళ్లెవరూ లంకలో అప్పుడు ఏం జరుగుతోందో గుర్తు చేసుకోరు. ఒక ఆడమనిషిని ఎత్తుకొచ్చి చెట్టు కింద కూర్చోబెట్టారు. ఆ గుట్టు బయటపడితే చేటు ఎవరికండీ?

కాబట్టి తెలుగులో ఇలాంటి నవల రాయాలనుకునే పిల్లలు ఇక్కడ ఎవరైనా ఉంటే, దయచేసి అటకలు, సరస్సు ఒడ్డున బంగళాలు తెచ్చుకోకండి. పక్క ఫ్లాటు ఆవిడతో కథ చెప్పించండి. ఆమె తన గురించి ఎక్కడెక్కడ అబద్ధం చెబుతుందో పాఠకుడిని పట్టుకోనివ్వండి. సంకేతంగా పెద్దవేమీ వద్దు, టీవీ రిమోటు చాలు.

నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. నేను తెచ్చిన పుస్తకాలు ఆ బల్ల మీద ఉన్నాయి, కావలసినవాళ్లు తీసుకుని వచ్చే నెల తిరిగి ఇవ్వండి. అన్నిటికీ ఖాకీ అట్టలు వేశాను, వెన్ను మీద నంబర్లు ఉన్నాయి, పుస్తకంలో పేరు రాసి వెళ్లండి. ఏడో నంబరుకు చివరి ఫారం లేదు. తర్వాత నన్ను అనకండి.